గీత కొట్టని బొమ్మ

శ్రీవారి పాదాలకు నమస్కారాలు. కడుక్కునే చదువుతున్నారనుకుంటాను.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కదాన్నే, కానీ ఉత్తరంలో అలా రాస్తేనే నిండుగా ఉంటుంది. నా మోకాలి నొప్పి గురించి అడిగారు. అది నన్ను వదిలిపెట్టి ఎక్కడికీ పోలేదు, మీకన్నా నయం. కిటికీ రెక్క బిగించావా అని కూడా అడిగారు. లేదు. గాలికి కొట్టుకుంటుంటే ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టుంటుందని వదిలేశాను.

బడిలో ఆయా పనికి తోడు నాకు కొత్త హోదా వచ్చింది. టీచరమ్మ గొంతు పూర్తిగా పోయింది. "కాసేపు బొమ్మలు గీసి తీసివేతలు చెప్పు. ఎలాగూ నీ నోరు ఊరుకోదుగా" అంది గుసగుసగా.

బోర్డు మీద ఐదు బాతుల్ని గీశాను. రెండింటి మీద అడ్డగీతలు కొట్టి, "ఇవి వెళ్లిపోయాయి. ఇంకెన్ని ఉన్నాయర్రా?" అన్నాను.

"ఐదు!"

"మీ మొహాలు! ఎలా?"

"గీత కిందే ఉన్నాయిగా ఆయమ్మా, కనిపించట్లేదా?" అంది ముందు పళ్లూడిన పిల్ల, నాకే చూపు ఆననట్టు.

సరేనని ఆ రెండింటినీ డస్టరుతో తుడిచేశాను. మూడని లెక్కపెట్టారు గానీ, పోయినవి ఎక్కడికి పోయాయని ఒకటే గోల. "టీచరమ్మ సంచిలోకి" అన్నాను. అంతే, సంచి బోర్లించేశారు. బాతులు దొరకలేదు, జుట్టుకు పూసుకునే నల్లరంగు సీసా దొరికింది. ఆవిడకు పోయిన గొంతు ఆ క్షణంలోనే తిరిగొచ్చింది!

తర్వాత తేలిక లెక్క ఇద్దామని ఒక ఇల్లు గీసి, గుమ్మంలో ఇద్దర్ని నిలబెట్టాను. ఒకరికి మీసాలు పెట్టాను.

"మీసాలాయన ఓడరేవులో పనికి వెళ్లాడు. ఇంకెందరు?"

"మరి గీత కొట్టవేం?" అంది ఆ పళ్లూడిన పిల్లే.

సుద్దముక్క పట్టుకున్న చెయ్యి లేవలేదండీ. పిల్లలు వేలు పెట్టి చూపిస్తూ లెక్కపెట్టి "ఇద్దరు" అన్నారు. "కరెక్టు" అన్నాను. టీచరమ్మ తల పట్టుకుంది.

రేవులో ఇంకో రెండేళ్లు ఉండిపొమ్మంటున్నారు, సంతకం పెట్టనా అని మీరు రాస్తే, "పెట్టేయండి, మీ గురక లేక హాయిగా నిద్రపోతున్నాను" అని పోయినసారి రాశాను. నిజంగానేనా అని మళ్లీ అడిగారు. ఇన్నేళ్లలో మిమ్మల్ని ఆటపట్టించిన వాటన్నిట్లో చచ్చుది అదే. నాకు నిద్రే పట్టడం లేదు. సంతకం పెట్టకండి. వచ్చేయండి.

బొమ్మ తుడిచేయమని టీచరమ్మ గొణుగుతూనే ఉంది. డస్టరు కనిపిస్తేగా! నేనే దాచాను. ఎక్కడో మీరొచ్చాక చెబుతాను.

ఇట్లు,
మీ నోటిదురుసు ఇల్లాలు