నువ్వు బతికించిన నోవా

అన్నా, నా తప్పులూ వంకర అక్షరాలూ మన్నించు. నాలుగో తరగతి చదువు ఇంతే.

నువ్వు చనిపోయాక, దుబాయ్ అల్ ఖూజ్ గ్యారేజీలో నువ్వు బాగుచేసిన పాత అమెరికా కారు నోవాను నా మొగుడు తన పనేనని చెప్పుకుంటున్నాడు. నిన్న శుక్రవారం మాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ ముందు రొమ్ము విరుచుకుని, "ఇంజన్ మొత్తం నేనే కట్టిన" అన్నాడు.

"యల్లా, స్టార్ట్ కరో" అన్నాడు కఫీల్.

మొనగాడు ఎక్సిలేటర్ పదేపదే తొక్కి ఇంజన్‌ను పెట్రోల్లో ముంచాడు. కారు దగ్గి ఆగిపోయింది. ఆయన ముఖం తడిసిన కోడిలా అయింది.

ఎప్పుడూ నోరు విప్పని నేను, "మళ్ల మళ్ల తొక్కకు, ఎక్సిలేటర్ ఒక్కసారే కింది దాక తొక్కిపట్టి తాళం తిప్పు. అన్న గట్లనే చేసేటోడు" అన్నాను.

కారు గర్జించింది. ఎవరు నేర్పారని కఫీల్ నన్ను అడిగాడు.

"నేనే సార్" అన్నాడు సిగ్గులేని మనిషి.

ఆయన కాదని నేను నీ పేరు గట్టిగా చెప్పాను.

ఈ ఉత్తరం నీకు చేరదు. ఎవరికి దొరికినా కాల్చేయండి. లేకపోతే నా మొగుడు ఇందులోనూ తన గొప్పే వెతుక్కుంటాడు.