నీడ అడిగినందుకు

దబీర్‌పురా,
మే 6.

వీధి వ్యాపారుల సౌర శీతల పెట్టెల పథకం అధికారి గారి సముఖమునకు,

దబీర్‌పురా వంతెన కింద ఆకుకూరలు అమ్ముకొను బాబురావు వ్రాసుకొను అర్జీ. ఇది నాలుగవది.

విషయం: నీడలో ఉన్న సౌర శీతల పెట్టెను ఎండలోకి జరిపించుట గురించి.

అయ్యా,

1. గత ఫిబ్రవరిలో తమ శాఖ వారు మా పది మంది వ్యాపారులకు కలిపి ఒక శీతల పెట్టె మంజూరు చేసియున్నారు. సౌర పలకలు పెట్టె నెత్తి మీదనే బిగించియున్నవి. ఆ పలకలకు ఎండ తగిలితేనే లోపల చల్లబడునని ఇప్పుడు నాకు తెలియును. అప్పుడు తెలియదు.

2. పెట్టె ఎక్కడ దించాలో అడుగుటకు తమ ఇంజనీరు అభిషేక్ గారు వచ్చినప్పుడు అందరి తరఫున జవాబు చెప్పినది నేనే. "నీడల వెట్టుండ్రి సార్, గంతే సాలు" అన్నాను. అయ్యా, ఇరవై రెండేళ్లుగా మాకు ఎండను మించిన శత్రువు లేదు. పొద్దున ఒక స్తంభం, మధ్యాహ్నం ఇంకో స్తంభం, నీడ ఎటు జరిగితే బండి అటు జరుపుకొని, తడి గోనెసంచి కప్పుకొని బ్రతికినవారము. కూరలు దాచే పెట్టెను తీసుకుపోయి ఎండలో పెట్టుమని ఏ నోటితో అడుగుదుము? అభిషేక్ గారు తల గోక్కొని, "సోలార్ కదన్నా... సరే, ఫారంల మీరు చెప్పిందే రాయాలె" అని రాసుకొని, నా సంతకం తీసుకొని పోయినారు. ఎండ కావాలని ఒక్క ముక్క చెప్పియుంటే ఆయన నోటి ముత్యాలు రాలునా?

3. తాము కొబ్బరికాయ కొట్టిన నాడు బ్యాటరీ నిండుగా ఉండెను. రెండు రోజులు పెట్టె బ్రహ్మాండంగా పనిచేసినది. కొత్తిమీర అప్పుడే మడిలోంచి పీకినట్టుండెను. మర్నాడు నా భార్య కృష్ణమ్మ కూరలు కొని తెచ్చుటకు మండికి పోలేదు. సూర్యుడు వచ్చేదాకా పడుకున్నది. పెండ్లయినాక అట్లా పడుకొనగా నేను చూడలేదు. మూడవ రోజున బ్యాటరీ అయిపోయినది, పెట్టె చల్లబడుట మానినది.

4. కృష్ణమ్మ సంగతి ఎందుకనగా, ఆమె మోకాళ్లలో గుజ్జు అరిగిపోయినదని డాక్టరు చెప్పియున్నారు. కూర నిలిచితే మండికి మూడు రోజులకొకసారి పోవచ్చును. సాయంత్రానికే వాడిపోతే రోజూ పోవలెను. నాకు హెర్నియా ఆపరేషన్ అయినది, మూట ఎత్తరాదన్నారు. అందుచేత తెల్లవారుజామున మీరాలం మండి నుంచి మూట మోయునది ఆమెయే. తమ ఫైలులో అది పెట్టె. మా ఇంట్లో అది ఆమె మోకాళ్లు.

5. మొదటి అర్జీకి, "స్థలము లబ్ధిదారు కోరినదే" అని జవాబు వచ్చినది. తప్పు నాదేనని రెండవ అర్జీలో ఒప్పుకొంటిని. ఎండపడు చోటు రోడ్డు హద్దులోనిది, అక్కడ మేము అమ్మరాదు గనుక మా పెట్టె కూడా ఉండరాదన్నారు. పోనీ పలకలు మాత్రం వంతెన గోడ మీద పెట్టి తీగ లాగండని మూడవది వ్రాసితిని. వంతెన వేరే శాఖదట. ఆ శాఖకు పోతే, పలకలు మావి కావన్నారు. ఎవరిని తప్పు పట్టుదును? అందరూ కూర్చోబెట్టి మంచిగానే మాట్లాడినారు.

6. మా పక్కన క్షౌరశాల నడుపు ప్రేమ్‌రాజ్ జాలిపడి, తన పెద్ద అద్దం తెచ్చి రోడ్డు మీది ఎండను పలకల మీదికి కొట్టించినాడు. అది పలకల మీద కంటే బస్సు డ్రైవరు కండ్లలో ఎక్కువ పడినది. మస్తు లొల్లి అయినది. ట్రాఫిక్ జవాను వచ్చి, "ఏంది భాయ్ ఈ తమాషా, సూర్యుణ్ని గూడ నువ్వే నడుపుతవా?" అని అద్దం తీయించినాడు. నాటి నుంచి వచ్చిపోవు వారందరూ, "బాబురావ్ భాయ్, ఏసీ కొత్తిమీర్ కిధర్ హై?" అని నవ్వుచున్నారు. నేనూ నవ్వుచున్నాను. ఏం చేయను?

కావున తాము దయయుంచి పెట్టెను పది అడుగులు జరిపించ ప్రార్థన. పది అడుగులే సార్! నేను బండిని రోజుకు నాలుగుసార్లు జరుపుతాను.

ఇంతకు మించి వ్రాయుటకు నాకు భాష లేదు, చిత్తగించవలెను.

ఇట్లు,
నేటికిని తమ విధేయుడు,
బాబురావు

తా.క. సార్, పైదంత పక్కన పెట్టుండ్రి. మీరు జరపరని నాకు ఎర్కే. నాలుగు రోజుల కింద కృష్ణమ్మ మండి నుంచి వచ్చి గడప కాడనే కూలవడ్డది. లేవరాక ఏడ్సింది. నాకు ఏం జెయ్యాల్నో తెల్వక, పెట్టెను ఎండలకు జరిపిన్రు, మస్తు సల్లగైతున్నది, ఇగ నువ్వు పండుకో అని అబద్ధం జెప్పిన. "నిజమేనా? సారోళ్లు మంచోళ్లే పాపం" అన్నది. పెట్టె తెరిసి సర్దాలె అని ఆమెకు జెప్పి, రోజు తెల్లారకముందే మండికి నేనే పోయి మూట మోస్తున్న. వచ్చే వారం మీవాళ్లు తనిఖీకి మా ఇండ్లకు వస్తరట. ఆమె మీకు చాయ్ వోసి దండం బెడ్తది. తాగి, "పెట్టె మంచిగ నడుస్తున్నదమ్మా" అని ఒక్క మాట జెప్పి పోండ్రి. నాకు ఇగ వేరే ఏం వద్దు.