ఆషాఢంలో ఖాళీ ఇల్లు

జూన్ 27

ఆషాఢం వచ్చేసింది. ఇక శ్రావణం దాకా ఇల్లు మారేవాళ్ళుండరు, పాలు పొంగించేవాళ్ళుండరు. చాయ్ కొట్టు బల్ల మీద కూర్చొని ఈగలు తోలుకోవడమే. ఒకప్పుడు ఈ నెలను సెలవు అనుకునేవాడిని. ఇప్పుడు పన్నెండు నెలలూ ఆషాఢమే. షాద్‌నగర్‌లో కిరాయికి ఇల్లు కావాలంటే యాదయ్యను అడగండి అనే రోజులు పోయాయి. అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయట... గదులు, వంటిల్లు, కిటికీలోంచి కనిపించే చెట్టుతో సహా.

"నువ్వు గూడ గా యాప్‌ల పెట్టరాదు?" అంటుంది నా భార్య పద్మ. తెరిచి చూశాను. ప్రతి ఇంటి కింద ఒకటే మాట — బ్రోకర్లు ఫోన్ చేయవద్దు. చేయను పో.

జూన్ 28

సుదర్శనం సారు కూడా! రిటైరైన దగ్గర్నుంచి రోజూ పొద్దున నాతో చాయ్ తాగే మనిషి. కింది పోర్షన్ ఖాళీ అయిందని నాకు మాట మాత్రంగానైనా చెప్పకుండా యాప్‌లో పెట్టేశాడు. మనవరాలు పెట్టిందట. ఫోటోలు బాగున్నాయి, ఒప్పుకోవాలి.

"ఏమనుకోకు యాదయ్యా, జమానా మారింది."

ఏమీ అనుకోలేదన్నాను. అనుకున్నాను. చాయ్ పైసలు మాత్రం నేనే ఇచ్చాను, రోషానికి.

జూన్ 30

మరియమ్మ బిడ్డ సుజాత ఫోన్ చేసింది. వాళ్ళు ఉంటున్న ఇల్లు పడగొడుతున్నారు. జులై ఆఖరుకల్లా ఖాళీ చేయాలి. మరియమ్మకు మోకాళ్ళు పూర్తిగా పోయాయి, మెట్లెక్కలేదు.

ఆ కుటుంబానికి ఇప్పటికి మూడిళ్ళు చూపించాను. భర్త ఉన్నప్పుడు ఒకటి, ఆయన పోయాక రెండు. మూడూ రైలు పట్టాల అవతలే. ప్రతి క్రిస్మస్‌కూ మరియమ్మ కేకు పంపుతుంది. "మా యాదన్న ఉండంగ మాకు ఇంటి ఫికర్ లేదు" అని అందరితో చెప్పుకుంటుంది.

సుజాతకు ఇప్పుడు మందుల కంపెనీలో, ల్యాబ్‌లో ఉద్యోగం. "నీకెందుకు మామా తిప్పలు, నేనే ఫోన్ల చూసుకున్న. కాలనీల మంచిల్లు దొరికింది. కింది పోర్షన్, అమ్మకు మెట్ల బాధ లేదు. కంపెనీ బస్సు గూడ గాడనే ఆగుతది. నువ్వొచ్చి జర చూస్తవా?"

ఫోటో పంపింది. సుదర్శనం సారు ఇల్లు.

జులై 1

ఏమని చెప్పాలి ఆ పిల్లకు?

"గా ఇల్లొద్దు బిడ్డా. నీళ్ళు సక్కగ రావు" అన్నాను. పచ్చి అబద్ధం. ఎండాకాలంలో ఆ వీధి వాళ్ళంతా బిందెలు పట్టుకొని సారు గేటు ముందే నిలబడతారు.

"బోరు నీళ్ళు, ఎప్పటికొస్తయని రాసిండ్రు గద మామా?"

రాశారు. అన్నీ రాస్తున్నారు.

జులై 2

వెళ్ళింది, నాతో చెప్పకుండానే. సాయంత్రం కంపెనీ బస్సు దిగి ఇల్లు చూసి, అటు నుంచి నేరుగా చాయ్ కొట్టుకే వచ్చింది. నిలబడే చెప్పింది.

సారు మంచిగానే మాట్లాడాడట. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడట. గదులన్నీ చూపించాడు. దేవుడి గది కూడా. చివర్లో అడిగాడట, "ఆషాఢం గదమ్మా... పాలు శ్రావణంల పొంగిస్తరా మరి?" అని. ఈ పిచ్చిపిల్ల నవ్వి, "మాకు గట్ల పట్టింపులేం లేవు సార్, రేపే దిగుతం" అంది.

సారు ముఖం ఏమీ మారలేదట. తన తమ్ముడి కొడుకు కూడా ఇల్లు అడిగాడు, కనుక్కొని చెప్తానన్నాడట. ఆమె వీధి మలుపు తిరగకముందే మెసేజ్ వచ్చింది — ఇల్లు అయిపోయింది.

"పాల ముచ్చట దాంక మంచిగనే ఉండె మామా. నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"ఏమో బిడ్డా" అన్నాను.

ఏమో కాదు. ఆ ప్రశ్న నాది. సారుకు నేర్పింది నేనే.

జులై 3

ఇక్కడైనా రాయాలి.

కులం అడగడం తప్పు. నేనెన్నడూ అడగలేదు, అదే నా గొప్ప అనుకునేవాడిని. కొత్తవాళ్ళు ఫోన్ చేస్తే మాటల్లో మాటగా "పాలెప్పుడు పొంగిస్తరు?" అనేవాడిని. పంచాంగం చూసుకొని చెప్తామంటే కాలనీ చూపించడం. ఎప్పుడైనా సరే అంటే పట్టాల అవతల. అప్పటికీ అనుమానం తీరకపోతే ఆదివారం ఇంట్లో ఉంటారా, ఎక్కడికైనా పోతారా అని ఇంకో మాట. ఓనర్లకు ఇబ్బంది లేదు, వచ్చినవాళ్ళకు అవమానం లేదు. ఎవరి నోటి నుంచీ కాదనే మాట రాకుండా ఎంత నేర్పుగా నడుపుతున్నాను అని మురిసిపోయేవాడిని. పుణ్యం చేస్తున్నానని కూడా అనుకున్నాను. సిగ్గుగా ఉంది.

జులై 5

సుజాత మళ్ళీ వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టింది. సారు ఇల్లు, పక్కన పచ్చ గుర్తు. ఖాళీగా ఉంది.

"అయిపోయిందన్నడు గద మామా. ఇంక ఖాళీగనే చూపెడ్తాంది. మా దోస్తుతోని ఫోన్ చేపిచ్చిన. పంచాంగం చూసి శ్రావణంల దిగుతం అని చెప్పుమన్న. వెంటనే రమ్మన్నడు."

కనిపెట్టేసింది. అయిపోయిందమ్మా, నిన్ననే అడ్వాన్స్ తీసుకున్నారు... ఇరవై ఏళ్ళుగా ఈ మాట నేను ఎంతమందితో అన్నాను! నేనంటే నిజంగా అయిపోయినట్టే. పోయి చూసొచ్చేదెవరు?

"గీ కాలనీ నువ్వు మాకు ఒక్కపారి గూడ చూపియ్యలే మామా. గీడ కిరాయిలు మనకందయేమో అనుకునేది అమ్మ. నాకు జీతమొచ్చినంక గూడ పట్టాల అవతలనే చూపిస్తివి."

అరవలేదు. అరిచినా బాగుండేది.

"మీ మనసు కష్టపడొద్దనే బిడ్డా..."

"మేం కష్టపడకుంటె ఎవ్వలకు మంచిగైంది మామా?"

ఆమె కోసం చెప్పిన చాయ్ బల్ల మీదే ఉండిపోయింది.

జులై 6

ఆదివారం. చర్చి వదిలే వేళ. మార్కెట్ నుంచి చుట్టు తిరిగి ఇంటికొచ్చాను.

జులై 8

పద్మతో చెప్పాను. బియ్యం ఏరుతూ అంతా విన్నది. నన్ను ఓదారుస్తుందనుకున్నాను కాబోలు.

"మరియమ్మ పంపిన కేకు ఒక్క ముక్కన్న తిన్నవా ఎన్నడన్న? షుగరున్నదని పాలాయనకిస్తివి. లడ్డూలకు లేని షుగరు గా కేకుకే వచ్చెనా?"

చాటలోంచి తల ఎత్తకుండానే అన్నది. నేను లేచి బయటికి పోయాను.

జులై 10

సుదర్శనం సారు ఇంటికే వచ్చాడు. ఎన్నడూ రాడు.

"తలనొప్పి అయిపోయింది యాదయ్యా. ఎవరు పడితే వాళ్ళు ఫోన్ చేస్తున్నరు. మొఖం మీద కాదనాలంటే నాకు మనసొప్పదు. మొన్నొక పిల్ల వచ్చింది. మంచి పిల్ల, పాపం... అబద్ధమాడాల్సి వచ్చె. గా యాప్ వద్దు, ఏమొద్దు. నువ్వే చూడు. నీకైతే ఏదీ ఇడమర్చి చెప్పే పని లేదు."

తాళాలు నా చేతిలో పెట్టాడు. కమిషన్ కూడా తగ్గించనన్నాడు.

యాదయ్య లేనిదే పని కాదని ఎవరో ఒకరు అనాలని ఎన్నాళ్ళుగానో ఎదురు చూస్తున్నాను. అన్నారు. ఎందుకు లేనిదే కాదో కూడా తెలిసింది. అయినా తాళాలు చేతిలో పడగానే సంతోషం వేసింది. అది రాయకపోతే ఈ పేజీకి కూడా అబద్ధం చెప్పినట్టే.

జులై 11

యాప్‌లో వెతికాను. సారు ఇల్లు లేదు, తీసేశారు. ఇక సుజాత ఎంత వెతికినా కనిపించదు. ఇప్పుడు నేను అయిపోయిందంటే అయిపోయినట్టే, మునుపటి లాగే.

జులై 12

తాళాలు తలుపు పక్కన మేకుకు ఉన్నాయి. వస్తూ పోతూ చూస్తున్నాను. శ్రావణంలో దిగుతామని రెండు కుటుంబాలు అడిగాయి. చూద్దామన్నాను.

సారుకు ఎదురు చెప్పగలనా? ఆ వీధిలో ఓనర్లంతా ఆయన మాటే వింటారు. ఆయన ఒక్కడు దూరమైతే వీధి మొత్తం దూరమవుతుంది. ఈ వయసులో ఇంకేం పని చేతనవుతుంది నాకు? భయం. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

మరియమ్మ ఫోన్ వచ్చింది. ఎత్తలేదు.

జులై 13

సారుకు ఫోన్ చేశాను. "మొన్నొచ్చిన పిల్ల ఉన్నది గద సార్... మా మరియమ్మ బిడ్డనే. పుట్టినకాన్నుంచి ఎరుక నాకు. ఒక్క మాట పడనియ్యరు..."

"నీకు తెల్వనిదేమున్నది యాదయ్యా" అని పెట్టేశాడు.

కాదన్నాడా? అనలేదు. ఆయన చేత కాదనిపించకుండా ఇన్నేళ్ళూ కాపాడుకొచ్చింది నేనే కదా.

జులై 14

పొద్దున చాయ్ దగ్గర సారుతో చెప్పాను, రేపు పదింటికి ఇల్లు చూడడానికి వస్తారు, మీరు కూడా ఉండాలి అని. సరే అన్నాడు. ఎవరని అడగలేదు. నేను చెప్పలేదు. కాదనేదుంటే ఆయనే అనాలి, మరియమ్మ ముఖం చూసి అనాలి. పక్కన నేనుంటాను. మళ్ళీ నోరు పెగలదేమోనని ఇప్పటి నుంచే దడగా ఉంది.

తర్వాత సుజాతకు ఫోన్ చేశాను. తాళాలు నా దగ్గరే ఉన్నాయని, అమ్మను ఆటోలో తీసుకొని పదింటికి రమ్మని చెప్పాను.

"చూసెటందుకా మామా, ఉండెటందుకా?"

పదింటికి రమ్మనే మళ్ళీ అన్నాను.