కల్యాణి నాలుగు డాన్సులు

జూలై 28, 2024, ఆదివారం
వచ్చే నెల తొమ్మిదికి నా బిడ్డ కల్యాణి పోయి ఏడాది. జ్వరం మెదడుకెక్కి, జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే. మా ఆయన చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టిద్దామన్నారు. సరే అన్నా. ఒకచోట కూర్చోలేకపోతున్నా. పొద్దున కడిగిన వాకిలే మళ్ళీ కడిగా. ఎంత కడిగినా ఈ బచేలీలో గనుల ఎర్ర దుమ్మే.

జూలై 29
కూడికలో కల్యాణి కీబోర్డు మీద నేర్చుకున్న ఫ్రెంచ్ సూట్ అనే బాణీలు వాయించాలి. అదొక్కటే నా కోరిక. మ్యూజిక్ పరీక్ష కోసం నేర్చుకుంది, పరీక్ష రాకముందే పోయింది. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ వినిపించలేదు. నేను కూర తరుగుతుంటే కీబోర్డు దగ్గర నుంచే అరిచి చెప్పేది, అమ్మా ఇవి నాలుగూ పాతకాలం డాన్సులే, ఫారిన్‌లో జనం ఆడేవాళ్ళంట, అని. అలెమాండ్ నడక. కురాంట్ పరుగు. సరబాండ్ నిదానం. జీగ్ గంతులు. నేను ఐదో క్లాసుతో ఆపినదాన్ని. ఈ పేర్లు మాత్రం నోటికొచ్చు.

జూలై 31
దానికి నేర్పిన జయ టీచర్ దగ్గరికెళ్ళా. వాయిస్తానంది. పాస్టర్ గారిని ఒక మాట అడగండి ఆంటీ అంది.

ఆగస్టు 2
నోరు మూసుకుని ఉండాల్సింది. పాస్టర్ గారు ముందు సరేనన్నారు, ఏం పాటమ్మా అనడిగారు. నేను గొప్పగా నాలుగు డాన్సులండీ అని చెప్పా. ఆయన మొహం మారిపోయింది. చనిపోయిన బిడ్డ కూడికలో డాన్సులేంటమ్మా, సంఘం ఏమనుకుంటుంది అన్నారు. ఎవరూ ఆడరండీ, ఊరికే వింటారు అన్నా. డాన్సు డాన్సేనమ్మా అన్నారు.

ఆగస్టు 3
ఇంట్లో మా ఆయన తిట్టారు. కీబోర్డు మ్యూజిక్ అంటే సరిపోయేది కదే, నిన్నెవరు ఆ వివరాలన్నీ అడిగారు, అని. అన్నం డబ్బా మర్చిపోయి డ్యూటీకెళ్ళిపోయారు. నేను బజారుకి పోయి ఉత్త చేతుల్తో వచ్చా. మళ్ళీ పోయా. మళ్ళీ అంతే.

ఆగస్టు 5
పనికొచ్చే హుంగే అడిగింది, ఏందక్కా అట్ల తిరుగుతున్నవ్, కాళ్ళ కింద నిప్పులున్నయా, అని. అంతా చెప్పా. తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. మా గూడెంల దోర్లోళ్ళల్ల మనిషి పోతే డోలు కొట్టి ఆడతం, ఆడకపోతే ఆ మనిషి ఎట్ల పోతది, దారిల నిలబడి చూస్తనే ఉంటది కద, అంది. నాకు కోపమొచ్చింది. నా బిడ్డ పోవాలని నేనడిగానా? వెళ్ళిపొమ్మని అరిచా. వెళ్ళలేదు. గిన్నెలన్నీ తోమి బోర్లించి, అప్పుడు వెళ్ళింది.

ఆగస్టు 8
దారిలోనే పోయింది కదా. దారిలోనే.

ఆగస్టు 9, సాయంత్రం
ఆ బాణీలు లేకుండానే కూడిక అయింది. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. జయని ఇంటికి రమ్మన్నా. కల్యాణి కీబోర్డు మీద గుడ్డ తీసి ప్లగ్ పెట్టా. పక్క క్వార్టరోళ్ళు వింటారే అన్నారాయన. విననీ అన్నా. హుంగే గడప మీద కూర్చుంది.
జయ మొదలుపెట్టింది. నడక అయింది. పరుగు అయింది. నిదానం వచ్చేసరికి నేను లేచి నిలబడ్డా. ఎందుకు లేచానో తెలీదు. హుంగే వచ్చి నా నడుం చుట్టూ చెయ్యేసింది, వాళ్ళు ఆడేటట్టు. ఒక అడుగు ముందుకి, ఒకటి వెనక్కి. గంతులదాంట్లో కల్యాణి ఎప్పుడూ ఒకచోట తప్పి ఆగేది. జయ ఆగలేదు. నేను ఆగా. హుంగే ఆగనివ్వలేదు, లాక్కుపోయింది.
ఆయన లేచారు. తలుపేస్తారనుకున్నా. మధ్యలో ఉన్న బల్ల గోడకి జరిపారు, మాకు తగులుతుందని.

ఆగస్టు 10
కాళ్ళు నొప్పులు. ఆయన మందు రాస్తానన్నారు. వద్దన్నా. ఉండనీ.