నల్లరాయి పుట్టిన కొండ

చి.సౌ. చెల్లాయిని అక్క దీవించి రాయునది. ఇక్కడ మీ బావగారూ నేనూ ఒంట్లో కులాసాగానే ఉన్నాం. మనసు సంగతి కిందికి చదివేకొద్దీ నీకే తెలుస్తుంది.

పెద్దదాని దగ్గు తగ్గిందని రాశావు, సంతోషం. బుడ్డోడు కొండమీద ఏరి పంపిన నల్లరాయి ఏమైందని అడిగావు. గాజులా మెరుస్తుంటే ముచ్చటపడి ల్యాబులో యంత్రం కింద పెట్టాను. ఆదిమానవులు రాతికత్తులు ఎక్కడి రాయితో చేశారో తేల్చడమే కదా నా ఉద్యోగం. రాయి మీదికి ఎక్స్-రే పంపితే లోపలి లోహాల పాళ్ళు తెలుస్తాయి. ఏ కొండ పాళ్ళు ఆ కొండవే, వేలిముద్రల్లాగా. ఏళ్ళ తరబడి ఎక్కడివో తెలియక మేం తలలు పట్టుకున్న కత్తులన్నీ మీ కొండవేనని తేలింది. ఆ రోజు నీకు ఫోన్ చేసి గంతులేసింది అందుకే.

ఆ సంబరం అక్కడితో సరి. ఆ కత్తులు దొరికిన చోటు మీ కొండనుంచి పగలంతా నడిచినా చేరలేనంత దూరం. తవ్వకంలో వాటి పైన మోకాలెత్తు బూడిద పొర ఉంది. ఆ పొరకు పైన ఒక్క కత్తి లేదు, పొయ్యి మసి లేదు, మనిషి జాడే లేదు. బూడిదనూ పరీక్షించాను. అదీ మీ కొండదే. నల్లగాజు రాయి నిప్పు కక్కే కొండలోనే పుడుతుంది చెల్లాయ్.

అది ఎప్పుడో చచ్చిన కొండ అంటారు. నీ పోయిన ఉత్తరం వచ్చేదాకా నేనూ అదే అనుకున్నాను. బావి నీళ్ళు వెచ్చబడ్డాయనీ, స్నానానికి నీళ్ళు కాచే పని తప్పిందని మీ అత్తగారు మురిసిపోతున్నారనీ, మేకలు కొండెక్కకుండా మొరాయిస్తున్నాయనీ రాసి, "ఎందుకంటావక్కా?" అని అడిగావు. కొండ లోపల నిప్పు మళ్ళీ రాజుకుంటోంది చెల్లాయ్, అందుకు.

మా డైరెక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను.

"బావి నీళ్ళు చూసి ఊళ్ళు ఖాళీ చేయిస్తామా అమ్మా? ముందు కమిటీ కూర్చోవాలి" అన్నారు.

"కమిటీ కూర్చునేలోగా కొండ లేస్తే?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుని ముందున్న ఫైలు తెరిచారు. మరిదిగారికి ఫోన్ చేస్తే, "రాళ్ళు మీతో మాట్లాడుతున్నాయా వదినా?" అని నవ్వి పెట్టేశారు. నిన్నటినుంచి మీ ఫోను అసలు మోగడమే లేదు.

ఒక మాట నీ దగ్గర దాచాను. తవ్వకంలో దొరికినవి కత్తులే కాదు. గోడ వారన ఒక తల్లి, ఆవిడ ఒళ్ళో ఇద్దరు పిల్లలు. పక్కన పనిముట్లన్నీ ఒకచోట పేర్చి ఉన్నాయి, ప్రయాణానికి సర్దుకున్నట్టు. బయలుదేరబోయి ఆగారు. ఎవరి కోసమో, ఏ మాట కోసమో.

ఈ ఉత్తరం తెచ్చినాయన మా ఆఫీసు డ్రైవరు. జీపు ఎవరినీ అడక్కుండా పంపుతున్నాను, ఉద్యోగం పోతే పోనీ. నేనూ వచ్చేదాన్నే, కానీ నా సీటు మీ అత్తగారికి కావాలి. మీ వీధిలో ప్రతి గడపా తట్టి చెప్పమని ఆయనకు చెప్పాను. నువ్వు మాత్రం ఏమీ సర్దకు. పొయ్యిమీద ఏముంటే అది అలాగే వదిలెయ్. మరిదిగారు నవ్వితే నవ్వనీ, జీపులో కూర్చుని నవ్వమను.

ఇట్లు,
గుమ్మం వదలకుండా మీ దారి చూస్తున్న
మీ అక్క