చేతి అద్దం పంపించు

తమ్ముడూ,

సెలూన్‌లో మీ బావ చేతి అద్దం ఉంటుంది, వెంటనే పంపించు.

ఊపిరితిత్తుల్లో ఆ క్యాన్సర్ వల్ల కఫం ఊరుతూనే ఉంది. దగ్గి దగ్గి సొమ్మసిల్లిపోయేవారు. నర్సమ్మ వచ్చి, "గట్టిగా దగ్గకండి. ముందుకు వంగి, అద్దం మీద ఆవిరి పట్టేలా 'హా' అని ఊదండి, కఫం దానంతటదే పైకొస్తుంది" అంది. రోజూ పొద్దున్నే అద్దాల మీద ఊది తుడిచాకే కత్తెర పట్టిన మనిషికి అది నేర్పాలా? మొదటిసారికే కఫం బయటికొచ్చేసింది! ఇప్పుడు వార్డులో అందరికీ మీ బావే గురువు. ఆ అద్దం వస్తే, పట్టుకుని మరీ చూపిస్తారట.

జబ్బు తగ్గేది కాదని డాక్టరుగారు చెప్పేశారు. అయినా ఆ అద్దం మసకబారుతున్నంతకాలం నాకు ధైర్యమే.

తుడిచే గుడ్డ మరిచిపోకు. నేను కొంగుతో తుడిస్తే మరకలు పడతాయని ఇప్పట్నుంచే కోప్పడుతున్నారు.

మీ అక్క