కడిగిన ఇల్లు

తహసీల్దారు గారికి,

మాది మామిడిపల్లి, చెరువు కింది బస్తీ. పోయిన నెల వరదకు మా ఇంట్లో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. నష్టం రాసుకోవడానికి మీ ఆఫీసు సారు వస్తున్నారని తెలిసి మా అత్త సత్తెమ్మ కంగారుపడింది. "పెద్దమనిషి బురదల కాలు పెడ్తడా? ఇజ్జత్ పోతది" అని తడిసిన బియ్యం, పరుపులు నాతో పారేయించింది. ఇల్లంతా కడిగించి, వాకిట్లో ముగ్గు కూడా వేయించింది.

సారు మా చాయ్ తాగారు. "ఇల్లు ఇంత మంచిగున్నది, ఇగ నష్టమేడున్నది?" అని వెళ్ళిపోయారు. సాయం రాలేదు.

నిన్న మళ్ళీ వరద వచ్చింది. ఈసారి చీపురు ముట్టలేదు. అత్త బురదలోనే మంచం వేసుకుని పడుకుంది. మీరు వచ్చి చూశాకే కడుగుతాం. చాయ్ మాత్రం ఇవ్వలేము, పొయ్యి కూడా బురదలోనే ఉంది.

ఇట్లు,
మీ లెక్కలో నష్టం లేని ఇంటి కోడలు